తొలి పొదుగు తప్పితే తప్పెవరిది?

"కొత్త కోడలు గడప తొక్కిన ఏడాదే పెట్ట పొదుగు పాడైపోయింది. ఆ పిల్ల కాలు మంచిది కాదు!" మా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఈ మాట విననివాళ్ళు తక్కువ. పన్నెండు గుడ్లు వేస్తే మూడే పిల్లలు దిగితే చేతి చలవ లేదంటారు. బయట చేరిన మనిషి నీడ పడిందంటారు. ఉరిమింది కాబట్టి పోయాయంటారు. ఇన్ని అంటారు గానీ, పిల్ల కాని గుడ్డుని పగలగొట్టి లోపల ఏముందో చూసేవాళ్ళు ఎంతమంది? చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

నాటుకోడి అంటే ఇల్లాలి సొంత డబ్బు. పిల్లల పుస్తకాలకైనా, పండక్కి గాజులకైనా ఎవరి ముందూ చెయ్యి చాపనక్కరలేదు. అయితే నాటుపెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లకి మించి పెట్టడం అరుదు. పది పదిహేను పెట్టగానే పొదుగుకి కూర్చుంటుంది. అంటే ఏడాదికి మూడు నాలుగు సార్లే అవకాశం. ఒక పొదుగు పోతే ఆ ఏటి రాబడిలో మూడో వంతో, నాలుగో వంతో పోయినట్టే. అందుకే మొదటిసారి పొదగేసే అక్కచెల్లెళ్ళు ఈ నాలుగు సంగతులూ తెలుసుకోవాలి.

గుడ్లు ఎంచుకోవడం

అన్ని గుడ్లూ పిల్లలవవు. పుంజు కలిసిన పెట్ట గుడ్డే పిల్లవుతుంది. కొట్లో అమ్మే తెల్ల గుడ్లు పుంజు లేని ఫారాలవి, వాటిని ఎన్నాళ్ళు పొదిగించినా ఫలితం ఉండదు. కొత్తగా పుంజుని తెస్తే వారం పది రోజులాగి అప్పటినుంచి గుడ్లు దాచుకోండి.

తొలిసారి పెట్టే పెట్టపిల్ల గుడ్లు చిన్నవి. పిల్లలు తక్కువ దిగుతాయి, దిగినవీ నలుసుల్లా ఉంటాయి. ఇంట్లో ముదురు పెట్ట ఉంటే దాని గుడ్లు ఈ పెట్టపిల్ల కింద పెట్టండి. అది తేడా ఎంచదు.

వారం దాటిన గుడ్డు వద్దు. ఎండాకాలం మన ఇళ్ళల్లో వేడికి గుడ్డులోని జీవం సగం మేలుకుని, తగినంత వేడి నిలకడగా అందక చచ్చిపోతుంది. అలాగని ఫ్రిజ్జులో పెడితే ఆ చల్లదనానికీ నిలవదు. తడి ఇసకలో కుదిపెట్టిన మట్టి కుండలో గుడ్డ పరిచి, సన్నటి కొస కిందికి వచ్చేలా పెట్టి నీడలో ఉంచండి. గుడ్డు వెడల్పు వైపు లోపల గాలి అర ఉంటుంది. పిల్ల తొలి ఊపిరి తీసుకునేది అక్కడే.

మట్టి అంటిందని గుడ్లు కడగొద్దు. పెంకు మీదున్న సన్నటి పొర పోతే పురుగులు లోపలికి దిగుతాయి. బాగా మురికి పట్టినవి కూరకి వాడెయ్యండి.

గంప సర్దడం

పెట్ట కింద పూర్తిగా ఇమిడేటన్నే గుడ్లు వెయ్యాలి. పది, పన్నెండు చాలు. ఆశకి పదహారు వేస్తే అంచునున్నవి చల్లబడతాయి. పెట్ట వాటిని మధ్యకి తోసి మరో నాలుగింటిని బయటికి నెడుతుంది. అలా వంతులవారీగా అన్నీ పాడవుతాయి.

గుడ్లన్నీ ఒక్కరోజే, పొద్దువాలాక వెయ్యండి. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత పెట్టండి. వేరే పెట్ట వచ్చి అదే గంపలో పెట్టిపోతే, గీత లేనిది తీసెయ్యొచ్చు.

పేలు పడితే పెట్ట గంపలో నిలవదు. కాబట్టి కూర్చోకముందే బూడిదలో పొర్లనిచ్చి, గంపలో గడ్డి కింద వేపాకు పరవండి. దాణా, నీళ్ళు పక్కనే పెట్టండి. రోజుకోసారి పావుగంటో ఇరవై నిమిషాలో లేచి తిని వస్తుంది. అది మామూలే, కంగారుపడి తరమకండి.

రాత్రి గంప మీద బరువైన తట్ట గానీ, సన్న కన్నుల వల గానీ కప్పండి. జెర్రిపోతైనా, నాగుపామైనా గుడ్డు దొరికితే వదలదు. పాము కనబడితే కొట్టకుండా పట్టేవాళ్ళకి కబురు చెయ్యండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పాముల్ని చంపడమే కాదు, ఇంట్లో పెంచడమూ నేరమే.

తిప్పేవి, తిప్పకూడనివి

కోడి తన గుడ్లని రోజుకి ఎన్నోసార్లు ముక్కుతో దొర్లిస్తుంది. లేకపోతే లోపలి పిండం పెంకుకి అంటుకుపోతుంది. పాము గుడ్డు, తాబేలు గుడ్డు దీనికి పూర్తిగా విరుద్ధం. వాటిలో పిండం పెంకు లోపలి పొరకి ఆనుకునే పెరుగుతుంది, తిప్పితే చచ్చిపోతుంది. బారువ, కళింగపట్నం లాంటి శ్రీకాకుళం తీరాల్లో చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసకలో గుడ్లు పెడతాయి. వాటిని కాపాడేవాళ్ళు గుడ్లు తవ్వి కంచె వేసిన చోట మళ్ళీ పాతేటప్పుడు అటూ ఇటూ కాకుండా జాగ్రత్తపడేది అందుకే.

ఏడో రోజు పరీక్ష

రాత్రి చీకట్లో అట్టముక్కకి చిన్న కన్నం చేసి, వెనక టార్చి వేసి, గుడ్డు వెడల్పు వైపు ఆనించి చూడండి. సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఏమీ లేకుండా కాంతిగా ఉంటే పుంజు కలవని గుడ్డు. ఎర్రటి ఉంగరంలా గీత ఉంటే మొదట్లోనే చచ్చిపోయినట్టు. ఈ రెండు రకాలూ తీసెయ్యండి. కుళ్ళి పగిలితే మిగతావాటికీ చేటే.

ఆఖరి మూడు రోజులు

పద్దెనిమిదో రోజు నుంచి గంప జోలికి వెళ్ళొద్దు. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు దిగాలి. పెంకు చిట్లాక పిల్ల బయటికి రావడానికి పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. జాలిపడి పెంకు వలిచామో, ఇంకా ఇంకని నరాలు తెగి నెత్తురు కారుతుంది. లోపలి పచ్చసొన పిల్ల పొట్టలోకి పూర్తిగా చేరాలి. దాని బలంతోనే అది మొదటి రోజంతా తిండి లేకుండా ఉండగలదు.

కరెంటు పెట్టె కొనొచ్చా?

పొదుగుకి రాని జాతులున్నవాళ్ళకి అది పనికొస్తుంది. హైదరాబాదు కోళ్ళ పరిశోధన సంస్థ వదిలిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు సాధారణంగా పొదగవు. పెట్టెలో ముప్ఫై ఏడున్నర డిగ్రీల వేడి నిలకడగా ఉండాలి. పాతకాలం ఈజిప్టులో పొయ్యి గదుల్లో వేలాది గుడ్లు పొదిగించేవాళ్ళు గుడ్డుని కనురెప్పకి ఆనించి వేడి చూసుకునేవారట! మనకంత నేర్పు లేదు కాబట్టి మంచి థర్మామీటరు కొనాలి.

మన జిల్లాల్లో అసలు చిక్కు కరెంటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లకి ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాసేపు కరెంటు పోతే పెట్టె తెరవకుండా దుప్పటి కప్పితే చాలు. రోజులు గడిస్తే ఏ దుప్పటీ కాపాడలేదు. చేతిలో పొదుగు పెట్ట ఉంటే దాన్నే నమ్ముకోండి.

మిగిలిన గుడ్లు చెప్పే కథ

పిల్లలు దిగాక మిగిలినవి పెరట్లో పగలగొట్టి చూడండి. మామూలు సొన ఉంటే పుంజు లోపం. కొంచెం నెత్తురు ఉంటే నిలవ పెట్టడంలోనో, మొదటి వారంలోనో దెబ్బ. పూర్తిగా పెరిగిన పిల్ల చచ్చి ఉంటే ఆఖర్లో గుడ్డు చల్లబడడమో, తేమ చాలకపోవడమో. మీరు ఎన్ని గుడ్లు పగలగొట్టినా ఏ ఒక్కదానిలోనూ కోడలి కాలు కనపడదు. ఉరుములకని గంపలో ఇనుప మేకు పెట్టుకుంటే నష్టం లేదు గానీ, వాన జల్లు గంప మీద పడకుండా చూసుకోవడం అసలు మందు.

దిగిన పిల్లలకి నూకలు, చోడిపిండి పెట్టండి. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకి కంట్లో చుక్కల మందు వేయించాలి. ఒక సీసా వంద పిల్లలకి పైగా వస్తుంది, కలిపాక నిలవుండదు. అందుకని వీధిలో నలుగురు కలిసి ఒకే వారం పొదగేసుకుని, ఒకే రోజు పశువుల ఆస్పత్రి నుంచి మందు తెచ్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది. పొదగేసిన తేదీ క్యాలెండరు మీద రాసుకోవడం మాత్రం మరవకండి.