పొగ త్రాగు రీతియు, పొగ నిలుచు చోటును

మన కొండాపురము, కలిగిరి ప్రాంతముల మెట్టపొలములలో పొగాకు పండుచుండుట ఎల్లరెఱిగినదే. మన విద్యార్థులలో కొందఱి చదువు ఖర్చులును ఆ పైరునుండియే వచ్చుచున్నవి. కావున రైతును నిందించుట మా యుద్దేశము గాదు. అయితే పొగ త్రాగు పెద్దలు కొందఱు, “మేము పొగను నోట బట్టి విడుతుమే గాని లోనికి పీల్చము; మాకేమి కీడు?” అని యందురు. ఈ మాటలో నిజమెంతయో విచారింతము.

పొగ యనగా వట్టి వాయువు గాదు. తారు, నికోటిను, నీరు మొదలగువాని అతిసూక్ష్మ బిందువులు వాయువులలో తేలియాడుచుండుటయే పొగ. వానిలో పెక్కింటి వ్యాసము మిల్లీమీటరులో వేయవ వంతునకు సగమైనను ఉండదు. అప్పుడే లాగిన పొగ ఒక ఘన సెంటీమీటరులో ఇట్టి బిందువులు వంద కోట్లకు మించియుండును.

ఇక మన ఊపిరి గొట్టము తలక్రిందులైన చెట్టువంటిది. అది రెండుగా చీలి, ప్రతి కొమ్మయు మరల రెండేసిగా చీలుచు, సుమారు 23 మారులు కొమ్మలు వేసి, తుదకు సన్నని గాలితిత్తులతో ముగియును. ఈ దారిలో రేణువులు మూడు విధముల గోడల నంటును. పెద్దవి, వడిగా పోవు బండి మలుపు తిరుగలేక గట్టును తాకినట్లు, చీలికలయొద్ద తగులుకొనును. కొన్ని తమ బరువుచే మెల్లగా దిగి నిలుచును. మిక్కిలి చిన్నవి గాలి అణువుల తాకిడిచే ఇటునటు చలించుచు గోడను చేరును.

పొగ బిందువులు ఈ మూడింటికిని అంతగా లొంగని నడిమి పరిమాణము గలవి. ఆ లెక్కను చూడగా, వానిలో పెక్కుభాగము నిశ్వాసముతో వెలుపలికి రావలసినది. కాని పీల్చిన పొగలో సగమునకు పైగా లోపలనే నిలుచుచున్నట్లు పలు కొలతలలో తేలినది. దీనికి త్రాగు రీతి ముఖ్యకారణము. పొగను నోటిలో నిలిపినపుడు బిందువులు ఒకదానితో నొకటి కలిసి పెద్దవగును. లోపలి తేమను గ్రహించి ఉబ్బును. పిమ్మట లోతుగా పీల్చినచో గాలితిత్తులవరకు పోవును. ఊపిరి బిగబట్టినకొలది అవి దిగి అంటుకొనుటకు వ్యవధి యెక్కువగును. తారు తక్కువయని చెప్పబడు సిగరెట్టు త్రాగువారును, నికోటిను చాలక మఱింత గట్టిగా లాగుదురు. గాలి చొఱుటకై దాని వడపోత భాగమున చేసిన సన్నని రంధ్రములను తమకు తెలియకయే వ్రేళ్లతో మూయుదురు.

మఱి నోట బట్టి విడుచువారి మాట యేమి? చుట్ట పొగ క్షారగుణము గలదగుటచే దాని నికోటిను నోటి పొరలనుండియే రక్తమున చేరును. విషము ఊపిరితిత్తులకు కొంత తగ్గినను నోటికి తగ్గదు. మన రాష్ట్రపు ఉత్తర కోస్తాలో, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములందు, చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు “అడ్డపొగ” అలవాటు స్త్రీలలో నెక్కువగా కనబడినది. అట్టివారి అంగిటిలో పుట్టు పుట్టకురుపును గూర్చి వైద్యులు 1957లో ప్రకటించిరి. 1971లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షింపబడి, అంగిటి మార్పులు వివరింపబడినవి. నిప్పు వేడియు పొగయు ఒకేచోట తగులుటయే దీనికి హేతువు.

కావున త్రాగు రీతి మారినచో కీడు తగులు చోటు మారునే గాని కీడు తొలగిపోదు. ఊపిరి గొట్టపు లోగోడలందు సన్నని నూగు కలదు. అది రేయింబవళ్లు ఊడ్చుచు, దుమ్మును కఫముతో పైకి నెట్టుచుండును. పొగ దానిని మందగింపజేయును. ప్రాతఃకాలపు దగ్గునకు ఇదియొక కారణము. మానినచో ఆ నూగు క్రమముగా తేఱుకొనును. ఇంతేకాక, వ్రేళ్ల నడుమ ఊరక కాలుచున్న కొననుండి లేచు పొగను ఇంటిలోని పసిబిడ్డలు తమ ప్రమేయము లేకయే పీల్తురు.

18 ఏండ్లలోపు వారికిని, పాఠశాలకు 100 గజములలోపలను పొగాకు సరుకు లమ్మరాదని 2003 నాటి చట్టము శాసించుచున్నది. కాని చట్టము అంగడిని మాత్రమే కాయగలదు. చేతిని కాచుకొనవలసినది మనమే. బాలురారా, స్నేహితుడు చాచిన మొదటి బీడీని వలదనుట, పదియేండ్ల పిమ్మట మానుటకంటె మిక్కిలి సులభము. తలిదండ్రులారా, మీ బిడ్డలు మా పాఠముకంటె మీ నడవడిని ముందుగా చదువుదురు. దేవుడు మనకిచ్చిన ఊపిరిని నిర్మలముగా కాపాడుకొనుటకు ఆయనయే మనకు బలము ననుగ్రహించును గాక.