మహమ్మారి: సాహిత్యం, చలనచిత్రం

ప్రజలను పీడించిన మహావ్యాధి సాహిత్యంలోనికి ఎట్లా ప్రవేశిస్తుంది? వెంటనేనా, కాలం గడిచిన తరువాతనా? చరిత్ర రెండు మార్గాలనూ చూపుతున్నది.

1348లో ప్లేగు ఫ్లోరెన్సు నగరాన్ని కబళించింది. కొద్ది సంవత్సరాలకే బొకాచియో 'డెకామెరాన్' వెలువరించాడు. ప్లేగుకు వెరచి నగరం విడిచిన పదిమంది యువతీయువకులు చెప్పుకున్న నూరు కథల సంపుటి అది. లండను ప్లేగు 1665 నాటిది. డేనియల్ డీఫో దానిని గ్రంథస్థం చేసింది 1722లో. ప్లేగు నాటికి ఆయన పసిబాలుడు. పెద్దలు చెప్పిన మాటలు, భద్రపరచిన మరణాల పట్టికలు ఆయనకు ఆధారమైనాయి.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. అహ్మద్ అలీ 1940లో ప్రచురించిన 'ట్విలైట్ ఇన్ ఢిల్లీ' నవలలో ఆ విషాదం కనిపిస్తుంది. అయినా అంతటి మృత్యువుకు తగినంత సాహిత్యం రాలేదు. యుద్ధానికి వీరుడున్నాడు, శత్రువున్నాడు. రోగానికి ఇద్దరూ లేరు. నాలుగు గోడల నడుమ జరిగిన మరణం ఆ ఇంటి దుఃఖంగానే మిగిలిపోతుంది. ఈ చిక్కును ఉర్దూ కథకుడు రాజిందర్ సింగ్ బేదీ 'క్వారంటీన్' కథలో చక్కగా విడదీశాడు. రోగం కంటె భయమే అధికంగా చంపిందని చూపి, రోగులకు సేవచేసిన భాగూ అనే పారిశుద్ధ్య పనివానిని కథానాయకునిగా నిలిపాడు.

చలనచిత్రం సంగతి వేరు. కరోనా దాని కథకంటె ముందుగా దాని దారిని మార్చింది. 2020 మార్చిలో సినిమాహాళ్లు మూతపడినవి. చిత్ర పంపిణీకి పేరుపడిన మన విజయవాడ గాంధీనగర్ వెలవెలబోయింది. ఆ అక్టోబరులో బందరు నేపథ్యంగా వచ్చిన 'కలర్ ఫొటో' హాలులో గాక 'ఆహా' ఓటీటీ ద్వారా ఇళ్లకే చేరింది. 2020వ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అందులో వ్యాధి ప్రసక్తి లేదు. 2021లో వచ్చిన 'జాంబీ రెడ్డి' మాత్రం కరోనానే కథలోనికి తెచ్చింది. ఇంట్లో ఒంటరిగా చూసే ప్రేక్షకునికి ఈలలు, విశ్రాంతి ఘట్టం అవసరం లేదు. అందువలన చిన్న కథకు, సామాన్యుని ముఖానికి చోటు దొరికింది. అయితే వందలమంది కలిసి నవ్వే, కలిసి ఏడ్చే అనుభవం ఆ మేరకు తగ్గింది.

విద్యార్థులారా! కరోనా నాటికి మీరు బడిపిల్లలు, డీఫో వలెనే. కడచూపు దక్కని ఇళ్లు, జనాజాకు భుజం పట్టేవారు కరువైన దినాలు మన డెల్టా కూడా చూసింది. మతం అడగకుండా పరాయివారికి అంత్యక్రియలు జరిపించిన యువకులు మన రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. వారే మన భాగూలు. మీ పెద్దలను అడగండి. తెలుగులోనో, ఉర్దూలోనో తేదీతో సహా వ్రాసిపెట్టండి. రేపటి కథకుడు వెదికేది ఆ కాగితాలనే.