తప్పు దొర్లితే నవ్వవద్దు, దిద్దండి

ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక పల్లెటూరి అబ్బాయి ఈ మధ్య మా యొద్దకు వచ్చాడు. తరగతిలో "ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్" అన్నందుకు తోటివారు నవ్వారట. "ఇక ఇంగ్లీషులో నోరు తెరవనండీ" అన్నాడు. ఆ మాట మాకు చాలా బాధ కలిగించింది. ఎందుకంటే ఇటువంటి తప్పులు తెలివితక్కువ వల్ల వచ్చేవి కావు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పబోయినప్పుడు వచ్చేవే ఎక్కువ. అతనితో కూర్చుని మేము దిద్దిన కొన్ని తప్పులు ఇవి.

1. బంధుత్వము, ఆస్తి, ఎరుక తెలిపేటప్పుడు క్రియకు 'ఇంగ్' చేర్చకూడదు. 'ఐ హేవ్ టూ బ్రదర్స్', 'ఐ నో హిమ్' అంటే చాలు.

2. 'సమస్యను గూర్చి చర్చించాము' అంటాము గనుక 'డిస్కస్డ్ అబౌట్' అని వ్రాస్తాము. 'డిస్కస్' అనే మాటలోనే 'గూర్చి' ఇమిడి ఉన్నది. 'అబౌట్' అక్కరలేదు.

3. "భోజనం చేయలేదా?" అంటే, చేయనివారు తెలుగులో "అవునండీ, చేయలేదు" అంటారు. ఇంగ్లీషులో అక్కడ 'ఎస్' అనరాదు, 'నో' అనాలి.

4. తెలుగులో 'తాతయ్యా' అనగానే అది పిలుపని తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ పని కామా చేస్తుంది. 'లెట్ అస్ ఈట్, గ్రాండ్‌పా' అంటే 'తిందాం రా తాతయ్యా' అని. ఆ కామా తీసివేస్తే తాతయ్యనే తిందామన్నట్లవుతుంది!

5. 'ఏ' ఎక్కడ, 'యాన్' ఎక్కడ అన్నది చాలామందికి చిక్కు. ఇది ఇంగ్లీషు అక్షరాన్ని బట్టి కాదు, పలుకుబడిని బట్టి ఉంటుంది. ఆ మాటను తెలుగులో వ్రాసి చూడండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఏ'. యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే; ఏ యూనివర్సిటీ, ఏ వన్ రూపీ నోట్. అయితే 'ఎగ్'ను 'యెగ్' అని పలికే అలవాటు మాత్రం మానుకోవాలి.

తల్లులారా, మీకు ఇంగ్లీషు రాకపోయినా ఈ అయిదవది మీరే దిద్దగలరు. బిడ్డ పలికిన మాటను తెలుగులో వ్రాయించి, మొదటి అక్షరం చూడండి. వారానికి ఒక్క తప్పు చాలు. అన్నీ ఒకేసారి ఎత్తిచూపితే పిల్లలు మాట్లాడటమే మానేస్తారు. మౌనంగా ఉన్నవారి తప్పులను దిద్దేదెలా?

ఆ అబ్బాయి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఐ హేవ్ టూ బ్రదర్స్" అని గట్టిగా చెప్పి నవ్వాడు. మేమూ నవ్వాము, అతనితో కలిసి.