కారు ఎందుకు తడబడింది?

ఇంగ్లండులో ఆబింగ్‌డన్ అనే ఊరున్నది. అక్కడి కార్ఖానాలో 1962 మొదలు 1980 దాకా ఎం.జి.బి. అనే చిన్న స్పోర్ట్సు కార్లు తయారయాయి. 5 లక్షలకు పైగా తయారైన ఆ కార్లను ముద్దుగా దాచుకుని ఈనాటికీ నడిపేవాళ్ళున్నారు.

అలాటి కారొకటి రోడ్డు మీద పోతున్నదనుకోండి. ముందు ఒక లారీ నెమ్మదిగా పోతున్నది. దాన్ని దాటుదామని కారాయన పక్కకు తిప్పి పెడలు గట్టిగా తొక్కాడు. కారు ముందుకు దూకాలి గదా! దూకలేదు. ఒక్క క్షణం ఊపిరాడనట్టు తడబడి, ఆ తరవాత పరుగు తీసింది. ఆ ఒక్క క్షణంలో ఎదురుగా బస్సు వస్తే ఏమయేది? అందుచేత ఈ జబ్బును అశ్రద్ధ చెయ్యటానికి లేదు. అలాగని ఇంజను మార్చాలేమోనని కంగారుపడనూ అక్కర్లేదు.

పెడలు తొక్కితే ఇంజనులోకి పెట్రోలు పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తెరుచుకునేది గాలి దారి. ఆ దారిలో అడ్డంగా ఒక రేకు బిళ్ళ ఉంటుంది. పెడలు తొక్కగానే బిళ్ళ తిరిగి, గాలి లోపలికి దూసుకుపోతుంది. పోతూ పోతూ పెట్రోలును తనతో లాక్కుపోతుంది. ఒక పాలు పెట్రోలు మండటానికి, బరువులో, సుమారు 15 పాళ్ళు గాలి కావాలి. గాలి తేలిక గనక వెంటనే కదులుతుంది. పెట్రోలు బరువు గనక వెనకబడుతుంది. తిండి చాలని ఇంజను తడబడుతుంది.

ఇలా జరగకుండా చేసిన ఏర్పాటు చాలా తమాషా అయినది. చాలా ఎం.జి.బి. కార్లకు ఎస్.యు. రకం కార్బురేటర్లు రెండుంటాయి. ఈ రకాన్ని 20వ శతాబ్దం ఆరంభంలో స్కిన్నర్ సోదరులు తయారుచేశారు. వాళ్ళది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. అందుకేనేమో, వాళ్ళ మొదటి కార్బురేటరులో కొలిమి తిత్తిలాటి తోలు తిత్తి ఉండేది! తరవాత దాని స్థానంలో పిస్టను వచ్చింది.

ఈ పిస్టను కార్బురేటరు తలమీది బుడ్డిలాటి గదిలో ఉంటుంది. దాని అడుగున మొనదేలిన సూది ఉంటుంది. సూది దిగివున్న సన్నని రంధ్రంలోంచే పెట్రోలు వస్తుంది. ఇంజను గాలి పీల్చేకొద్దీ పిస్టనుతోపాటు సూది పైకి లేచి, పెట్రోలుకు సందు పెరుగుతుంది. కాని పిస్టను ఒక్కసారిగా ఎగిరితే గాలి దారి విశాలమై, గాలి వేగం తగ్గి, పెట్రోలును లాగే బలం పోతుంది. అందుకని పిస్టను నడిమి గొట్టంలో కాస్త నూనె పోస్తారు. అది కందెన కోసం కాదు. నూనెలో మునిగిన చిన్న బిరడా పిస్టనును ఒక్క క్షణం పట్టి ఉంచుతుంది. ఆ క్షణంలో గాలి ఇరుకు దారిలోంచి మరింత జోరుగా పోయి, పెట్రోలును ఎక్కువగా లాగుతుంది. పిస్టను దిగేటప్పుడు మాత్రం ఈ పట్టు ఉండదు.

నూనె తగ్గిపోతే ఆ పట్టు ఉండదు. కనక మొట్టమొదట చూడవలసినది నూనె. చాలామంది అది చూడకుండా కార్బురేటరు మరలన్నీ తిప్పేస్తారు. ఒక జబ్బు రెండవుతుంది.

ఇంజను ఆపి, పైమూత చేత్తో తిప్పి తీయాలి. (ఇది పెద్దవాళ్ళ పని, పిల్లలు పక్కన నిలబడి చూడవచ్చు.) మూత తీసి ఉండగానే పిస్టనును వేలితో ఎత్తి వదిలితే "టక్" మని పడాలి. పడలేదంటే మట్టి చేరి ఉండాలి, లేదా సూది రంధ్రానికి రాసుకుంటూ ఉండాలి. నూనె బోలు కడ్డీ అంచుకు అర అంగుళం పైదాకా ఉండాలి. లేకపోతే 20 నంబరు ఇంజను నూనె పోసి, మూత దించాలి. దించేటప్పుడు చేతికి మెత్తని అడ్డు తగలాలి.

తరవాత ఇంజను నడిపి, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసతో రెండు కార్బురేటర్ల "స్‌స్" చప్పుడూ వినాలి. చప్పుళ్ళు సమంగా లేకపోతే ఒకటి ఎక్కువ పీలుస్తున్నదన్నమాట.

అన్నీ బాగున్నా తడబాటు పోలేదా? నిప్పురవ్వ వేళకు పడుతున్నదో లేదో చూడాలి. డిస్ట్రిబ్యూటరు పక్కన ఒక డబ్బీ, అందులో పలచని పొర ఉంటాయి. ఇంజను ఆపి, దాని గొట్టాన్ని కార్బురేటరు వైపు ఊడదీసి నోటితో పీలిస్తే, డిస్ట్రిబ్యూటరు లోపలి పలక కొద్దిగా కదలాలి. కదలకపోతే పొర చిరిగి ఉంటుంది, లేదా పలక బిగుసుకుని ఉంటుంది.