చట్రం లేని కారు: సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్

సూరత్ శివార్లలోని ఇచ్ఛాపూర్ దాటి సముద్రం వైపు వెళ్తే హజీరా ఉక్కు కర్మాగారం వస్తుంది. అక్కడ తయారయ్యేది ముఖ్యంగా ఉక్కు రేకు. ఇలాంటి రేకే నేటి కార్లకు చర్మం, ఎముకలు రెండూ. ఒకప్పుడు అలా కాదు. లారీకి ఉన్నట్టే కారుకూ కింద బరువైన చట్రం, దాని మీద బిగించిన బాడీ ఉండేవి.

1934లో ఫ్రాన్స్‌లో వచ్చిన ట్రాక్షన్ అవాంట్ సెలూన్ ఆ చట్రాన్ని తీసేసింది. నూనె డబ్బాను గుర్తు తెచ్చుకోండి. దాని రేకు విడిగా ఉంటే చేత్తో వంగిపోతుంది. డబ్బాగా మలిస్తే మీద మనిషి కూర్చున్నా ఓర్చుకుంటుంది. బరువు ఒకచోట పడకుండా గోడలన్నిటికీ పంచుకుపోవడమే కారణం. ఒత్తి మలచిన ఉక్కు రేకులను వెల్డింగ్ చేసి సిట్రోయెన్ అలాంటి డబ్బానే కట్టింది. దీన్నే మోనోకాక్ అంటారు.

ఫ్రెంచిలో ‘ట్రాక్షన్ అవాంట్’ అంటే ముందు నుంచి లాగడం. ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది కాబట్టి, వెనక్కి వెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ అక్కర్లేదు. నేల చదునుగా, కారు ఎత్తు తక్కువగా ఉంటాయి. అయితే ముందు చక్రాలు తిరుగుతూనే మలుపు కూడా తీసుకోవాలి. ఆ రెండు పనులకూ తట్టుకునే కీళ్లు చేయడం కష్టం. తొలి కార్లలో అవి బాగా ఇబ్బంది పెట్టాయి.

నిజానికి ఈ రెండు ఆలోచనలూ సిట్రోయెన్‌వి కావు. మోనోకాక్‌ను ఇటలీ కంపెనీ లాన్షియా 1922లోనే చూపించింది. రెంటినీ కలిపి లక్షల్లో తయారు చేయడమే ఇక్కడి ఘనత.

ఆంద్రే సిట్రోయెన్ మొదట గేర్లు చేసేవాడు. గేరు పళ్లను ఏటవాలుగా కోస్తే చప్పుడు తగ్గుతుంది కానీ, చక్రం పక్కకు నెట్టుకుపోతుంది. ఎదురెదురు వాలులో రెండు వరుసలు కోస్తే ఆ తోపుడు రద్దవుతుంది. కంపెనీ గుర్తులోని రెండు బాణపు మొనలు ఆ పళ్లే. తమిళనాడులోని తిరువళ్లూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చే సీ3 కార్ల మీదా అవే ఉంటాయి.

కొత్త కారుకూ కొత్త ఫ్యాక్టరీకీ అయిన ఖర్చు ఆయన్ను ముంచేసింది. 1934 చివర్లో కంపెనీ దివాలా తీసి మిషెలిన్ చేతిలోకి వెళ్లింది. 1935 జులైలో ఆంద్రే కన్నుమూశాడు. కారు మాత్రం 1957 వరకూ నడిచింది, దాదాపు 7,60,000 తయారయ్యాయి.

ఈసారి ఏదైనా చిన్న కారు కిందికి తొంగి చూడండి. లారీకి ఉండే ఆ రెండు పొడవాటి దూలాలు కనిపించవు.