ఊరి కమిటీ ఊరికే లెక్క చెప్పాలి
గ్రామాభివృద్ధి కమిటీలు, గ్రామసభలపై పరిశీలన

జగిత్యాల, కోరుట్ల ప్రాంత గ్రామాల్లో పెత్తనం రెండు చేతుల్లో ఉన్నది. ఓట్లతో గెలిచిన సర్పంచి, వార్డు సభ్యులు ఒకవైపు. ఓటు పెట్టె మొహం చూడని గ్రామాభివృద్ధి కమిటీ మరొకవైపు. వీడీసీ అని అందరూ పిలిచే ఈ కమిటీ ఆర్మూరు, బాల్కొండ మొదలు మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దాకా ఎన్నో ఊళ్లలో నడుస్తున్నది. చాలాచోట్ల కులానికి ఇంతమంది చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. వారి మాటకు ఊళ్లో ఎదురుండదు.

ఈ కమిటీలు మంచి చేయలేదని ఎవరూ అనరు. గుడి కట్టించినవి, బడికి గది వేయించినవి, బోరు దింపించినవి ఉన్నాయి. సర్కారు పైసల కోసం ఎదురు చూస్తూ కూర్చోకుండా ఊరి పనిని ఊరే చేసుకోవడం మెచ్చుకోవలసిన గుణమే. పైగా 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పంచాయతీలకు పాలకవర్గాలే లేవు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే దిక్కయినారు. అటువంటప్పుడు ఊరి పెద్దల కమిటీ మీద జనం ఆధారపడటంలో వింత లేదు.

రసీదు లేని పన్ను

చిక్కు డబ్బు దగ్గర వస్తున్నది. చెరువు చేపలు, కల్లు, ఇసుక, కోడిమాంసం దుకాణం వంటివాటికి కమిటీలు వేలం పెట్టడం ఈ ప్రాంతంలో తెలిసిన సంగతే. కొన్నిచోట్ల బెల్టుషాపునకు సైతం పాట జరుగుతున్నది. బెల్టుషాపే చట్టవిరుద్ధమైనప్పుడు దాని పాట చట్టబద్ధం ఎట్లా అవుతుంది?

పాట పాడినవాడు ఆ సొమ్మును తన ఇంట్లోంచి తెచ్చి ఇవ్వడు. సరుకు ధరలో కలిపి కొనేవాళ్ల దగ్గరే రాబట్టుకుంటాడు. అంటే ఊరంతా పన్ను కడుతున్నట్లే లెక్క. పంచాయతీకి ఇంటిపన్ను కడితే రసీదు వస్తుంది, దానికి ఆడిట్ ఉంటుంది. ఈ పన్నుకు ఆ రెండూ లేవు.

కమిటీ మాట వినని కుటుంబంతో ఎవరూ మాట్లాడరాదని, పనికి పిలవరాదని, దుకాణంలో సరుకు ఇవ్వరాదని కట్టడి చేయడం మరింత పెద్ద తప్పు. జరిమానా వేసే అధికారం, వెలివేసే అధికారం ఏ చట్టమూ కమిటీకి ఇవ్వలేదు. దళిత, గిరిజన కుటుంబాలను సాంఘికంగా గాని, ఆర్థికంగా గాని బహిష్కరించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. పొరుగున ఉన్న మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కారంపై ప్రత్యేక చట్టమే చేసింది.

ఈ గడ్డ మీద బహిష్కారానికి మరో చరిత్ర ఉన్నది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర జరిపారు. వెట్టికి ఎదురుతిరిగిన కూలీలు ఆ రోజుల్లో దొరల ఇళ్లకు పని మానేశారు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆనాడు లేనివాడు ఉన్నవాడి మీద ఎత్తిన ఆయుధం అది. ఈనాడు దానిని ఊరంతా కలిసి ఒంటరి కుటుంబం మీద ఎత్తడం న్యాయం అనిపించుకోదు.

సిరిసిల్ల చెప్పే పాఠం

ప్రజల సంస్థ అంటే ఎట్లా ఉండాలో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. సిరిసిల్లలో 1970 నుంచి కరెంటు సరఫరా చేస్తున్నది సహకార సంఘమే. దేశంలో మొదట ఏర్పడిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి. దానిమీద ఫిర్యాదులు లేవని కాదు. అయితే దానికి సభ్యుల జాబితా ఉన్నది, నియమావళి ఉన్నది, డైరెక్టర్లకు ఎన్నిక ఉన్నది. 2022 డిసెంబరులో సభ్యులు బారులు తీరి ఓట్లు వేశారు. నచ్చనివారిని దించే దారి ఉన్నది గనుకనే ఫిర్యాదుకు విలువ వచ్చింది.

గ్రామసభే అసలు చావిడి

ఊళ్లోని ప్రతి ఓటరూ గ్రామసభలో సభ్యుడే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కనీసం రెండు నెలలకొకసారి సభ జరగాలి. అందులో పంచాయతీ జమాఖర్చులు వినిపించాలి. అదే చట్టం మహిళలకు సగం స్థానాలు కేటాయించింది. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని పంచాయతీలో కోఆప్షన్ సభ్యురాలిగా తీసుకోవాలన్నది. పారిశుధ్యం, వీధిదీపాలు, మొక్కల పెంపకం, పనులు–సంతలు చూడటానికి నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలన్నది. వీడీసీల్లో ఎక్కువగా మగవాళ్లే కనిపిస్తారు. చట్టం ఇచ్చిన చోటు మాత్రం ఆడవాళ్లకు సరిసమానంగా ఉన్నది.

లెక్క చెప్పకపోతే అడిగే దారీ ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం కింద గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

కమిటీలను ఎత్తివేయాలని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చందా వసూలు చేస్తే రసీదు ఇవ్వాలి. వచ్చిన సొమ్ము, పెట్టిన ఖర్చు పంచాయతీ గోడమీద రాయాలి, గ్రామసభలో చదవాలి. మహిళలను, ప్రతి వాడ మనిషినీ కూర్చోబెట్టాలి. వేలంపాటలు, జరిమానాలు, కట్టడులు మానుకోవాలి. కొత్త పాలకవర్గాలు వచ్చిన ఊళ్లలో ఇందుకు ఇదే తగిన అదను. చాటింపు విన్నరోజు పొలం పని ఒక పూట ఆపుకొని గ్రామసభకు వెళ్లి, పద్దు చదివించుకోవలసిన బాధ్యత ఓటర్లది.