మూడు చక్రాల బండికి ముందు టైరు

మూడు చక్రాల బండిలో మామూలుగా తక్కువ బరువు మోసేది ముందు భాగమే. బండిని తిప్పే పని మాత్రం ఆ ఒక్క చక్రానిదే. మార్కాపురం, కంభం, గిద్దలూరు మధ్య తిరిగే ఆటోకైనా, మోటార్ సైకిల్ వెనక సగం తీసేసి రెండు చక్రాల ఇరుసు బిగించిన ట్రైక్‌కైనా, దివ్యాంగుల కోసం పక్క చక్రాలు అమర్చిన స్కూటర్‌కైనా ఇది వర్తిస్తుంది. ముందు టైరు ఎంపికలో చూసుకోవాల్సినవన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

మోటార్ సైకిల్ మలుపులో లోపలికి ఒరుగుతుంది. ఒరిగినప్పుడు కూడా రబ్బరు నేలను వదలకూడదు కాబట్టి దాని టైరు ముఖాన్ని గుండ్రంగా చేస్తారు. మూడు చక్రాల బండి ఒరగదు. నిటారుగా నిలబడే టైరు పక్కకు కొద్దిగా మెలిపడి, ఆ మెలికతోనే బండిని మలుపు తిప్పుతుంది. అలాంటి బండికి గుండ్రటి టైరు వేస్తే నేలను తాకేది నడిమి పట్టీ ఒక్కటే. అంచుల్లో గాళ్లు కొత్తగానే ఉంటాయి, నడుమ మాత్రం నున్నబడిపోతుంది. ఒరగని బండికి చదునైన ముఖం ఉన్న టైరే సరైనది. అలాగని మరీ వెడల్పుది ఎక్కిస్తే హ్యాండిల్ బరువెక్కి, చేతులు లాగేస్తాయి. పెద్ద ట్రైకులు తయారుచేసేవారు ముందు ఫోర్కు కోణాన్ని మార్చి ఆ బరువు తగ్గిస్తారు. మలుపులో వచ్చే పక్క తోపుడు ఊచల చక్రానికి పడదు, ఊచలు వదులవుతాయి. అందువల్ల అచ్చు పోసిన అల్లాయ్ గానీ, రేకు రిమ్ము గానీ మేలు.

టైరు పక్క గోడ మీద అంకెలు చదవడం కష్టమేమీ కాదు. ఆటోలకు ఎక్కువగా వాడే 4.00-8 అంటే వెడల్పు 4 అంగుళాలు, రిమ్ము 8 అంగుళాలు. స్కూటర్ టైరు మీద 90/100-10 53జె అని ఉంటే వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో నూటికి 100 వంతులు, రిమ్ము 10 అంగుళాలు. 53 అనేది బరువు సూచిక: ఆ టైరు 206 కిలోల దాకా మోస్తుంది. జె అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగ పరిమితి. పాత టైరు తీసి కొత్తది వేసేటప్పుడు సూచిక పెరిగినా ఫర్వాలేదు, తగ్గకూడదు.

8 అంగుళాల చక్రానికి ఓ ఇబ్బంది ఉంది. టైరుతో కలిపి దాని ఎత్తు సుమారు 16 అంగుళాలే. కిలోమీటరు దూరానికి అది దాదాపు 780 చుట్లు తిరగాలి. 17 అంగుళాల మోటార్ సైకిల్ చక్రానికి 530 చుట్లు చాలు. ఎక్కువ చుట్లంటే ఎక్కువ నలుగుడు, ఎక్కువ వేడి. గుంతలోకి లోతుగా దిగేది కూడా చిన్న చక్రమే.

ముందు చక్రం మీద 150 కిలోల బరువు, టైరులో 30 పౌండ్ల గాలి ఉన్నాయనుకుంటే, రోడ్డును తాకే రబ్బరు సుమారు 70 చదరపు సెంటీమీటర్లు. వేళ్లు మినహాయిస్తే అరచేయంత. గాలి తగ్గితే తాకే చోటు పెరుగుతుంది నిజమే, కానీ అంచులు అరుగుతాయి, పక్క గోడ పదే పదే మడతపడి కాగిపోతుంది. మార్కాపురం పలకల గనుల దారుల్లో మరో బెడద. కత్తిలాంటి అంచున్న రాయి గాలి తగ్గిన టైరు గోడను సులువుగా చీరేస్తుంది.

ఎండాకాలం ఈ ప్రాంతంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. టైరులోని గాలి 10 డిగ్రీలు వేడెక్కితే పీడనం ఒకటిన్నర పౌండ్ల వరకు పెరుగుతుంది. మధ్యాహ్నం కాగిన టైరులో ఎక్కువ కనిపించిందని గాలి తీసేస్తే మర్నాటి పొద్దుటికి అది తక్కువై కూర్చుంటుంది. గాలి చూసుకోవలసింది బండి కదలకముందు, తెల్లవారి చల్లదనంలో.

గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల వెళ్లే నల్లమల ఘాటులో ముందు టైరుకు అసలు పరీక్ష. ఎక్కుడులో బరువు వెనక్కి జరుగుతుంది. దానికి తోడు వెనక సీటుకు మించి జనం, ఆపైన మూటలు ఉంటే ముందు చక్రం తేలికై హ్యాండిల్ తిప్పినా బండి నిదానంగా తిరుగుతుంది. తొలకరికి తడిసిన రోడ్డైతే మరీను. ఎంత ఖరీదైన టైరైనా దీన్ని సరిచేయలేదు, బరువు దించాల్సిందే. దిగుడులో అంతా తారుమారు. బ్రేకు నొక్కినప్పుడల్లా బరువు ముందుకు వస్తుంది. అక్కడ గాళ్ల లోతు పనికొస్తుంది. చట్టం మూడు చక్రాల బండికి కనీసం 0.8 మిల్లీమీటర్ల లోతు ఉండాలంటుంది. ఘాటుకు ఆ లోతు దగ్గరపడేదాకా ఆగకుండా ముందే మార్చడం మంచిది.

అన్నట్టు, జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును తయారుచేసింది తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసమే. బెల్‌ఫాస్ట్‌లో ఉన్న ఆ పశువైద్యుడు 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు.

రీబటన్ చేయించిన టైరును ముందు వేయకపోవడం మంచిది. వెనక టైరు పేలితే పక్కన ఇంకో చక్రం ఆసరాగా ఉంటుంది, ముందు ఆ ఆసరా లేదు. కొత్త టైరుకు ఐఎస్ఐ గుర్తుతో పాటు నాలుగంకెల తయారీ తేదీ చూడాలి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. గోదాములో ఏళ్ల తరబడి ఎండిన రబ్బరు, గాళ్లు నిండుగా ఉన్నా, గట్టిపడి పట్టు కోల్పోతుంది.